అరసవల్లి గుడిలో రెండు క్యాలెండర్లు

ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబర్ 1, 2 తేదీల్లోనూ అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి తెల్లవారకముందే జనం చేరిపోతారు. శ్రీకాకుళం ఊరికి ఆనుకునే ఉంది కాబట్టి పట్నం వాళ్లు నడిచి వస్తారు, బయటివాళ్లు రాత్రే వచ్చి సత్రాల్లో దిగుతారు. పొద్దు పొడిచిన కాసేపటికి ఎండ గాలిగోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా, ధ్వజస్తంభం పక్క నుంచి గర్భగుడిలోకి దూరి మూలవిరాట్టు పాదాల మీద పడుతుంది. కొద్ది నిమిషాలే ఉంటుంది. మబ్బు పడితే అదీ ఉండదు.

మర్నాడు పేపర్లలో ఫొటోతో పాటు ఒక వాక్యం వస్తుంది: ఉత్తరాయణం నుంచి దక్షిణాయనానికి, దక్షిణాయనం నుంచి ఉత్తరాయణానికి సూర్యుడు మారే వేళ ఈ అద్భుతం జరుగుతుందని. ఎన్నో ఏళ్లుగా అందరూ చెబుతున్న మాట కావడంతో ఎవరూ దాన్ని పట్టి చూడరు. కానీ అయనాలు మారేది ఆ తేదీల్లో కాదు. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21, 22 ప్రాంతంలో, దక్షిణానికి మళ్లేది జూన్ 21 ప్రాంతంలో. పంచాంగం లెక్కన చూసినా మకర సంక్రాంతి జనవరిలో, కర్కాటక సంక్రాంతి జూలైలో వస్తాయి. మార్చికీ అక్టోబర్‌కీ అయనాలతో పని లేదు.

చిక్కు ఈ ఒక్క వాక్యంతో ఆగదు. గుడి గురించి ఎవరిని అడిగినా ఇంద్రుడు ప్రతిష్ఠించాడు, దేవేంద్రవర్మ కట్టించాడు, ఏటా రెండుసార్లు కిరణాలు పడతాయి, రథసప్తమికి లక్షల్లో జనం వస్తారు అని ఒకే ఊపులో చెప్పేస్తారు. వినేవాళ్లకి ఇదంతా ఒకే కథలా అనిపిస్తుంది. నిజానికి ఒకటి పురాణం, ఒకటి శాసనం, ఒకటి ఆకాశంలో కొలవగలిగే లెక్క, ఒకటి చంద్రుణ్ణి బట్టి నడిచే పండగ. వీటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చూస్తే గుడి గొప్పతనం ఏమీ తగ్గదు. నాకైతే పెరుగుతుందనిపిస్తుంది.

ముందు పురాణం. ఇది అరసవల్లిలో మొదలవదు, బలరాముడి దగ్గర మొదలవుతుంది. కళింగంలో కరువు వస్తే జనం ఆయనకు మొర పెట్టుకున్నారు. ఆయన తన నాగలితో నేల చీల్చాడు, ఆ చాలు వెంట నాగావళి పారింది. ఏటి ఒడ్డున ఐదు చోట్ల శివలింగాలు నిలబెట్టాడని చెబుతారు: ఒడిశాలో రాయగడ దగ్గరి పాయకపాడు, పార్వతీపురం వైపు గుంప, వంగర దగ్గరి సంగాం, శ్రీకాకుళం, ఏరు సముద్రంలో కలిసే వైపున కళ్లేపల్లి. శ్రీకాకుళంలోని లింగమే ఉమారుద్ర కోటేశ్వరస్వామి. ప్రతిష్ఠ చూడటానికి దేవతలందరూ వేళకి వచ్చి వెళ్లారు. ఇంద్రుడు మాత్రం వేళ దాటాక వచ్చాడు. వాకిట్లో నంది, శృంగి, భృంగి అడ్డుపడి ఇప్పుడు దర్శనం లేదన్నారు. దేవతల రాజుని నన్నే ఆపుతారా అని ఇంద్రుడు గదమాయించాడు. నంది కాలెత్తి ఒక్క తన్ను తన్నాడు. ఇంద్రుడు వెళ్లి పడిన చోటే అరసవల్లి.

ఒళ్లు హూనమై లేవలేని స్థితిలో ఇంద్రుడు సూర్యుణ్ణి తలచుకున్నాడు. పడిన చోటే తవ్వమని కలలో చెప్పాడు సూర్యుడు. వజ్రాయుధంతో తవ్వితే ఉష, పద్మ, ఛాయ సమేతుడైన విగ్రహం బయటపడింది. తవ్విన గుంటలో నీరు ఊరి ఇంద్రపుష్కరిణి అయింది. ఆ నీళ్లలో స్నానం చేసి స్వామిని కొలిచి ఇంద్రుడు బాగుపడ్డాడు.

ఈ కథలో నాకు నచ్చేది దాని భూగోళం. శ్రీకాకుళంలో ఉన్నవాళ్లకి ఏరు, శివుడి గుడి, సూర్యుడి గుడి, పుష్కరిణి అన్నీ ఒక్క పూటలో తిరిగి రాగలిగినవే. కథ ఈ నాలుగింటినీ ఒక దారంతో కుట్టేసింది. ఇంకో సంగతి చూడండి. సూర్యుడి గుడి పుట్టుక చెప్పడానికి శివుడి గుడి వాకిలి దాకా వెళ్లాల్సి వచ్చింది. దీనికి కారణం ఈ నేల చరిత్రలో ఉందని నా ఊహ. ఇక్కడ ఏలిన తూర్పు గంగరాజులు తొలిరోజుల్లో పరమమాహేశ్వరులు, అంటే గట్టి శివభక్తులు. మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుణ్ణి కులదైవంగా చెప్పుకుంటూ తామ్రశాసనాలు వేయించారు. శ్రీముఖలింగంలో ఇప్పటికీ ఆ శైవ వైభవం కనిపిస్తుంది. అలాంటి చోట సూర్యాలయానికి పీట వేయాలంటే ముందు శివుడి అనుమతి తీసుకున్నట్టు కథ నడవాలి. ఇంద్రుణ్ణి తన్నింది శివుడి వాహనం, బాగుచేసింది సూర్యుడు. ఇద్దరిలో ఎవరి మర్యాదా తగ్గలేదు.

గుడి లోపలా ఇదే సర్దుబాటు కనిపిస్తుంది. ఇది పంచాయతన ఆలయం. నడుమ సూర్యుడు, నాలుగు మూలల్లో వినాయకుడు, శివుడు, అంబిక, విష్ణువు. స్మార్తుల పద్ధతిలో ఈ ఐదుగురిలో ఎవరిని నడుమ పెట్టుకుంటే వాళ్లు ప్రధాన దైవం, మిగతా నలుగురు పరివారం. ఇక్కడ ఆ పెద్దపీట సూర్యుడిది. అయినా పేరు వట్టి సూర్యుడని ఆగలేదు, సూర్యనారాయణుడు అయింది. కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశికి ఇంద్రపుష్కరిణిలో తెప్పోత్సవం చేస్తారు. అది విష్ణువుకి చేసే వేడుక. శివుడి వాకిట పుట్టిన కథ, విష్ణువు పేరు, సూర్యుడి విగ్రహం ఈ మూడూ ఒకే ప్రాకారంలో తగువు లేకుండా ఉన్నాయి.

చరిత్ర దగ్గరికి వస్తే చెప్పగలిగింది తక్కువ. గుడిని తూర్పు గంగ వంశపు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని అందరూ చెబుతారు. ఇక్కడ దొరికిన శాసన శకలాలు స్వామికి అఖండ దీపం కోసం దేవేంద్రవర్మ ఇచ్చిన భూదానాన్ని పేర్కొంటాయి. అయితే ఆ వంశంలో దేవేంద్రవర్మ అనే పేరు ఒక్కరిదే కాదు, వేర్వేరు కాలాల్లో కనీసం ముగ్గురు కనిపిస్తారు. కాబట్టి శతాబ్దం విషయంలో మరీ పట్టుబట్టడం మంచిది కాదు. మనం ఇవాళ చూసే కట్టడానికి 1778లో ఎలమంచి పుల్లాజీ పంతులు చేయించిన పునర్నిర్మాణమే ఆధారం. ఈ తేదీని గుర్తుపెట్టుకోండి, కిరణాల దగ్గర మళ్లీ అవసరమవుతుంది. కోణార్కతో పోలిక కూడా తరచూ వస్తుంది. అదీ గంగ వంశం వాళ్లదే, 13వ శతాబ్దంలో నరసింహదేవుడు కట్టించాడు. కానీ అక్కడ గర్భాలయం కూలిపోయి పూజ ఆగిపోయింది. దానికంటే పాతదని చెప్పుకునే అరసవల్లిలో దీపం వెలుగుతూనే ఉంది.

ఇప్పుడు కిరణాల సంగతి. ఇందులో అద్భుతం ఏమిటో అర్థం కావాలంటే సూర్యుడు రోజూ ఒకేచోట ఉదయించడన్న దగ్గర మొదలుపెట్టాలి. ఏడాది పొడవునా ఒకే మేడ మీద నిలబడి తూర్పు వైపు చూస్తే ఉదయించే చోటు ఎడమకీ కుడికీ జరుగుతూ ఉంటుంది. శ్రీకాకుళం అక్షాంశంలో జూన్‌లో సరిగ్గా తూర్పుకి సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబర్‌లో అంతే దక్షిణంగా పొడుస్తాడు. మార్చి 20, సెప్టెంబర్ 22 లేదా 23 తేదీల్లో మాత్రమే సరిగ్గా తూర్పున పొడుస్తాడు. వీటినే విషువత్తులంటారు, పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు.

మార్చి 9 అంటే వసంత విషువత్తుకి 11 రోజుల ముందు. అక్టోబర్ 1 అంటే శరద్విషువత్తుకి ఎనిమిదో తొమ్మిదో రోజుల తర్వాత. రెండు సందర్భాల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకి) కాస్త దక్షిణాన, మూడు నుంచి నాలుగున్నర డిగ్రీల మధ్యలో ఉంటాడు. మార్చిలో దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తూ ఆ చోటు దాటతాడు, అక్టోబర్‌లో ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తూ దాటతాడు. ఒకే గడప మీదుగా పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. కిరణాలు ఏటా రెండుసార్లే రావడానికి కారణం ఇదే. మార్చి 10 నుంచి అక్టోబర్ 1 దాకా సూర్యోదయం ఆ గడపకి ఉత్తరాన, అక్టోబర్ 2 నుంచి మార్చి 9 దాకా దక్షిణాన.

పొడిచిన వెంటనే కిరణం లోపలికి రాదు, కాసేపు పడుతుంది. ఈ లోపు సూర్యుడు పైకి లేస్తూ కొద్దిగా దక్షిణానికి వాలతాడు. అదీ కలిపి లెక్క వేస్తే స్వామి చూపు సరిగ్గా తూర్పుకి కాకుండా ఐదారు డిగ్రీలు దక్షిణానికి ఉన్నట్టు తేలుతుంది. సూర్యుడు ఆకాశంలో ఒక డిగ్రీ జరగడానికి నాలుగు నిమిషాలు చాలు. అందుకే ఒక పొడవాటి దారి గుండా గర్భగుడి చేరే వెలుగు నిమిషాల్లో తప్పుకుంటుంది. వెనకాల నిలబడ్డవాళ్లు "ఏది, ఏది" అనేలోపే అయిపోతుంది.

మరి రెండు రోజులే ఎందుకు? వారమో పదిరోజులో ఎందుకు కాదు? ఉయ్యాల ఊగేటప్పుడు చూడండి, రెండు కొసల దగ్గర ఆగినట్టు నెమ్మదిస్తుంది, నడుమ దాటేటప్పుడు జోరుగా పోతుంది. సూర్యోదయ స్థానమూ అంతే. డిసెంబర్, జూన్ కొసల్లో చాలా రోజులు కదిలీ కదలనట్టు ఉంటుంది. విషువత్తుల దగ్గర రోజుకి సుమారు 0.4 డిగ్రీల చొప్పున పరుగెత్తుతుంది. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ. అంటే రోజు మారితే దాదాపు ఒక బింబమంత పక్కకి జరిగిపోతాడు. ఇరుకైన దారి చివర ఉన్న విగ్రహానికి గురి రెండు మూడు రోజులకు మించి కుదరదు. పేపర్లు చెప్పే అయనాల మాట నిజమే అయి ఉంటే, డిసెంబర్‌లో వరసగా పది పదిహేను రోజులు కిరణాలు పడుతూనే ఉండాలి. రెండే రోజులు పడటమే ఇది అయనం మార్పు కాదనడానికి గట్టి సాక్ష్యం.

గడియారం చూసేవాళ్లకి ఇంకో అనుమానం రావాలి. మార్చిలోనూ అక్టోబర్‌లోనూ సూర్యుడు దాదాపు ఒకే చోట ఉదయిస్తున్నప్పుడు టైమ్ కూడా ఒకటే ఉండాలి కదా? ఉండదు. మార్చి 9న శ్రీకాకుళంలో 6 దాటాక పొద్దు పొడుస్తుంది, అక్టోబర్ 1న 6 కాకముందే పొడిచేస్తుంది. ఇరవై నిమిషాల తేడా. భూమి కక్ష్య సరిగ్గా గుండ్రంగా లేకపోవడం, ఇరుసు వాలి ఉండటం వల్ల సూర్యుడి రోజు మన గడియారం రోజుతో కచ్చితంగా నడవదు. ఒక కాలంలో వెనకబడుతుంది, ఇంకో కాలంలో ముందుకు పోతుంది. మార్చి చూసిన అనుభవంతో అక్టోబర్‌లో అదే టైమ్‌కి వస్తే మిస్ అయినట్టే.

ఇక్కడ 1778 తేదీ గుర్తుతెచ్చుకోవాలి. కిరణాలు పడుతున్నాయి కాబట్టి గంగరాజుల శిల్పులు ఖగోళం కొలిచి కట్టారని చెప్పేస్తుంటారు. అంత తొందర అక్కర్లేదు. తూర్పు వాకిలి ఉన్న ఏ గుడికైనా, ఎదుట అడ్డు లేకపోతే, చూపు తూర్పుకి అటూ ఇటూ 25 డిగ్రీల లోపల ఉంటే ఏడాదిలో ఏవో రెండుసార్లు ఎండ లోపలికి రావాల్సిందే. పడమర వాకిలి గుళ్లకైతే సాయంత్రం వస్తుంది. మన రాష్ట్రంలోనే నాగలాపురం వేదనారాయణస్వామి గుడిలో మార్చి సాయంత్రాల్లో వరసగా పాదాలు, నాభి, శిరస్సు మీద కిరణాలు పడటాన్ని సూర్యపూజగా చేస్తారు. అరసవల్లిలో మెచ్చుకోవాల్సింది వరస. గోపురం, మండపం, గర్భగుడి వాకిలి ఒకే గీత మీద నిలిచాయి. పాతగుడి గీతనే 18వ శతాబ్దంలో పట్టుకుని కట్టారంటే అది ఒక గొప్ప, అప్పుడే కొత్తగా వేసుకున్నారంటే అదీ గొప్పే.

పంచాంగం సంగతి ఇప్పుడు చెప్పొచ్చు. కిరణాలు పడే రోజులకి తిథి లేదు, నక్షత్రం లేదు. అవి ఇంగ్లిషు తేదీల్లోనే స్థిరంగా ఉంటాయి, ఎందుకంటే ఆ క్యాలెండర్ విషువత్తులకు ముడిపడి ఉంది. గుడి పండగలేమో తిథులతో నడుస్తాయి. రథసప్తమి మాఘ శుద్ధ సప్తమి. 2024లో ఫిబ్రవరి 16న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న. ఒకే గుడిలో రెండు క్యాలెండర్లు, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

సంక్రాంతిది మరో లెక్క. అది నక్షత్రాలకు ముడిపడింది. భూమి ఇరుసు నెమ్మదిగా తిరగడం వల్ల నక్షత్రాల లెక్క విషువత్తుల లెక్క నుంచి 72 ఏళ్లకి సుమారు ఒక రోజు చొప్పున జరిగిపోతోంది. సుమారు 1,700 ఏళ్ల కిందట మకర సంక్రాంతీ అసలు ఉత్తరాయణమూ ఒకే రోజున కలిసేవి. ఇప్పుడు మూడు వారాలకు పైగా దూరమయ్యాయి. సూర్యుడి రథం ఉత్తరానికి తిరిగిన సంబరం రథసప్తమి అంటారు. ఆ మాట ఆ కాలపు ఆకాశానికి చక్కగా అతుకుతుంది. ఉత్తరాయణం, రథం మలుపు, సూర్యుడి గుడి అనే మూడు మాటలూ జనం నోళ్లలో కలిసే ఉండటంతో, కిరణాలకీ అదే కారణం తగిలించేసి ఉంటారు. ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఆ తప్పు మీద కోపం కూడా రాదు.

పూజల విషయానికొస్తే అరసవల్లిలో అసలు జోరు కిరణాల రోజులది కాదు, ఆదివారాలదీ మాఘమాసానిదీ. రథసప్తమి ముందురోజు అర్ధరాత్రి దాటగానే క్షీరాభిషేకం మొదలవుతుంది. ఆ తర్వాత నిజరూప దర్శనం. మిగతా రోజుల్లో అలంకారం వెనక దాగి ఉండే నల్లరాతి విగ్రహం అప్పుడు కనబడుతుంది. రెండు చేతుల్లో తామరలు, పక్కన దేవేరులు, కింద ఏడు గుర్రాల రథం, దాన్ని తోలే అనూరుడు. 2025లో ప్రభుత్వం ఇక్కడి రథసప్తమిని రాష్ట్ర పండగగా ప్రకటించి మూడు రోజులు జరిపింది. ఇళ్లలో ఏడు జిల్లేడాకులు, రేగుపండ్లు తలమీద, భుజాల మీద పెట్టుకుని స్నానం చేయడం, పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండి చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టడం మన జిల్లాల్లో అందరికీ తెలిసిందే. మాఘ ఆదివారాల్లో ఇంద్రపుష్కరిణి చుట్టుపక్కల పిడకల పొగ కమ్ముకుంటుంది. అక్కడే వండి అక్కడే పెట్టాలన్న మొక్కు చాలామందికి ఉంటుంది. తలనీలాలు ఇచ్చేవాళ్లు, సూర్యనమస్కారాలు చేయించుకునేవాళ్లు, మహాసౌరం, అరుణం, తృచ లాంటి సూర్య మంత్రాలు చదివించుకునేవాళ్లు ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. ఆదివారం మాంసం ముట్టని, తలకి నూనె రాసుకోని ఇళ్లు ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నాయి.

ఎక్కువమంది మొక్కేది కళ్ల జబ్బులకీ చర్మవ్యాధులకీ. "ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్", ఆరోగ్యం సూర్యుణ్ణే కోరాలి, అన్న మాట ఒకటి ఉండనే ఉంది. కృష్ణుడి కొడుకు సాంబుడు కుష్ఠు రోగం పట్టి సూర్యారాధనతో బాగుపడ్డాడన్న పురాణ కథ దేశమంతటా సూర్యాలయాలకి వెన్నెముక. ఇంద్రుడి ఒంటి గాయాలు మానిన కథ దానికి మన ఊరి రూపం అనుకోవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసి ఇక్కడికి వచ్చేవాళ్లు తక్కువే. మందు వేసుకుంటూనే మొక్కుకునేవాళ్లే ఎక్కువ.

పాదాల దగ్గర ఇంకో విశేషం ఉంది, ఇది గైడ్లు చెప్పరు. సూర్యుడి వేడి తట్టుకోలేక భార్య సంజ్ఞ తన నీడైన ఛాయను ఇంట్లో పెట్టి వెళ్లిపోయింది. ఆమె తండ్రి విశ్వకర్మ అల్లుణ్ణి సానపట్టి తేజస్సు తగ్గించాడు, ఒక్క పాదాలను మాత్రం తగ్గించలేకపోయాడు. అందుకే విగ్రహంలో సూర్యుడి పాదాలు చూపించకూడదని, చూపించినవాడికి కుష్ఠు తప్పదని మత్స్యపురాణం చెబుతుంది. పాతకాలపు జ్యోతిషవేత్త వరాహమిహిరుడు కూడా పాదాల నుంచి రొమ్ము దాకా ఉత్తరదేశపు దుస్తులతో కప్పమన్నాడు. ఉత్తరాది సూర్య విగ్రహాలు మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని కనిపించేది అందుకే. దక్షిణాదికి వచ్చేసరికి శిల్పులు ఈ భయం పెద్దగా పెట్టుకోలేదు, ఇక్కడి సూర్యులు మామూలుగా వట్టి కాళ్లతోనే ఉంటారు. ఎవరూ చూడకూడదన్న ఆ పాదాల మీదే వెలుగు పడాలని అరసవల్లిలో వేలమంది ఎదురుచూస్తారు. శాస్త్రం ఒకటి చెబితే భక్తి ఇంకో దారిన పోవడం మనకు కొత్తేమీ కాదు.

ఇక వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. రెండు అవకాశాల్లో మార్చిదే నమ్మదగ్గది. అక్టోబర్ మొదట్లో నైరుతి రుతుపవనాలు ఇంకా పూర్తిగా వెనక్కి పోవు, బంగాళాఖాతంలో అల్పపీడనాల కాలం అది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మూడూ అక్టోబర్ రెండో వారంలోనే ఈ తీరాన్ని తాకాయి. మార్చిలో ఆకాశం చాలావరకు తేటగానే ఉంటుంది, పొగమంచు ఒక్కటే ఇబ్బంది. 9వ తేదీ కనబడకపోతే 10వ తేదీ ఉంది కాబట్టి ఒక రాత్రి శ్రీకాకుళంలో ఉండేలా చూసుకోండి. ఐదు గంటలకల్లా అనివెట్టి మండపంలో ముందు వరసలో చోటు చూసుకోవాలి. రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, అంటే ఆమదాలవలసలో దిగాలి. ఊరు అక్కడికి ఇంకా పదమూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది, తెల్లవారుజామున ఆటో ముందే మాట్లాడుకోవడం మంచిది.